తూము కాసిన చేతుల కూలి

మా తాత నల్లగొండ పక్క ఊర్లో నీరడి. సముద్రం ఒడ్డున ఓడల కోసం దీపం కాసే మనిషి కొలువు ఎట్లాంటిదో, వాన రాత్రి చెరువు కట్ట మీద నీరడి కొలువూ అట్లాంటిదే. ఊరు పడుకున్నాక కందిలి పట్టుకొని కట్ట పొడుగునా తిరిగేవాడు. నీళ్లు ఎక్కడ ఊరుతున్నాయి, ఎండ్రకాయలు ఎక్కడ బొక్క చేశాయి, అలుగు ఎంత ఎత్తున దుంకుతోంది, అన్నీ చూసుకోవాలి. తూముకు చెత్త అడ్డం పడితే నిండు చెరువులో మునిగి చేతులతో లాగాలి. తెల్లారితే వంతుల ప్రకారం మడులకు నీళ్లు మలపాలి. చివరి మడి ఎండితే తిట్లు ఆయనకే.

కూలి మాత్రం కళ్లంలోనే. కోతలయ్యాక ఆయకట్టు రైతులు కొలిచే మేర, దానితోపాటు కాస్త ఇనాం భూమి. చెరువు నిండని ఏడు మేర లేదు. మా నల్లగొండ, పాలమూరు మెట్టల్లో అట్లాంటి ఏళ్లు తక్కువేం కావు. ఈ పని ఎక్కువగా దళితుల ఇళ్లకే తరతరాలుగా వచ్చేది. పటేల్ చీటీలు మోయడం, దొర గడీకి కట్టెలు కొట్టడం కూడా వాళ్ల మీదే పడేది. వాటికి గింజ రాలేది కాదు, అది వెట్టి.

1946-51 తెలంగాణ సాయుధ పోరాటం వెట్టి నడుం విరిచింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. తర్వాత నీరడి, మస్కూరి లాంటి ఊరి కొలువుల వాళ్లు గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్ఏలు) అయ్యారు. పే స్కేలు కోసం 2022లో 80 రోజులు సమ్మె చేశారు. 2023లో 20,555 మందిని రెగ్యులర్ చేసి వేరే శాఖల్లో సర్దారు. తరాల బాకీలో కొంత తీరింది, సంతోషం. అయితే మనిషికి జీతం వచ్చిన ఏడే వీఆర్ఏ వ్యవస్థ రద్దయింది. చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకంలో పూడిక తీశారు, కట్టలు, తూములు బాగుచేశారు. తూము కాసే మనిషి జీతం ఆ లెక్కలో లేదు.

మనిషి లేకపోయినా నడుస్తుందంటారా, వనపర్తి వైపు సరళాసాగర్ చూడండి. నీటిమట్టం నిండితే దాని సైఫన్లు వాటంతటవే పారతాయి, మనిషి అవసరం లేదు. 1959 నుంచి పేరున్న ప్రాజెక్టు అది. అయినా 2019 డిసెంబర్ 31న దాని కట్ట తెగింది. సైఫను నీళ్లను వదలగలదు గానీ కట్టలో ఊట పుట్టిందని కేక వేయలేదు.

అందుకే అడుగుతున్నా. ఆయకట్టున్న ప్రతి పెద్ద చెరువుకూ ఒక నీరడి పోస్టు పెట్టండి. నెలనెలా జీతం, వానాకాలం రాత్రి కాపలాకు అదనపు కూలి, ప్రాణానికి బీమా ఇవ్వండి. ఆ కొలువు ఒక కులానికి కట్టెయ్యకుండా, పని వచ్చిన ఎవరికైనా దక్కాలి.