నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో క్రీడలు, వినోద సౌకర్యాలు

నంద్యాల, ఆళ్లగడ్డ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, నంద్యాల జిల్లాలోని రెండు పట్టణాలు. ఈ ప్రాంత ప్రజల ఆటలు, వినోదాలు ప్రధానంగా నాలుగు ఆధారాల మీద నడుస్తున్నాయి. అవి పాఠశాల, కళాశాలల మైదానాలు, ప్రభుత్వ క్రీడా సంస్థలు, దేవాలయాల తిరునాళ్ళు, చెరువులు-కొండలు-అడవులతో కూడిన ప్రకృతి. ఇంగ్లండు పట్టణాలలో స్థానిక కౌన్సిళ్ళు నడిపే వ్యాయామ కేంద్రాలు, చందాదారుల క్రీడా క్లబ్బులు చేసే పనిని ఇక్కడ చాలావరకు బడి మైదానము, తిరునాళ్ళు కలిసి నెరవేరుస్తున్నాయి. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్, ఖో-ఖో, షటిల్ బాడ్మింటన్ ఇక్కడ ఎక్కువగా ఆడే ఆటలు. ఎద్దుల బండలాగుడు పోటీలు ఈ ప్రాంతపు ప్రత్యేకత.

భౌగోళికం, జనాభా

నంద్యాల కుందూ నది పరీవాహక ప్రాంతంలో, నల్లమల కొండలకు పడమరగా ఉంది. కుందూ నదిని కుందేరు అని కూడా పిలుస్తారు. ఆళ్లగడ్డ నంద్యాలకు దక్షిణాన సుమారు 40 కి.మీ. దూరంలో ఉంది. కర్నూలు నుండి కడప మీదుగా చిత్తూరు వైపు వెళ్ళే 40వ నంబరు జాతీయ రహదారి రెండు పట్టణాలనూ కలుపుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం నంద్యాల పట్టణ జనాభా 2 లక్షలకు పైగా ఉండగా, ఆళ్లగడ్డ జనాభా సుమారు 30 వేలు. ఈ తేడా వలన క్రీడా సౌకర్యాలలో కూడా తేడా ఉంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల గ్రామాల క్రీడాకారులు పెద్ద పోటీలకు నంద్యాలకు రావలసి ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడదీసి నంద్యాల జిల్లాను ఏర్పాటు చేశారు. అంతకు ముందు జిల్లా స్థాయి ఎంపికలకు జిల్లా కేంద్రమైన కర్నూలుకు వెళ్ళవలసి వచ్చేది. నంద్యాల నుండి ఇది 70 కి.మీ. పైబడిన దూరం, ఆళ్లగడ్డ నుండి 110 కి.మీ. పైబడిన దూరం. పేద కుటుంబాల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఈ ప్రయాణము, రాత్రి బస పెద్ద అడ్డంకులు. ఆటలో నేర్పు ఉన్నా ఎంపికకు వెళ్ళలేని పరిస్థితి దీని వలన ఏర్పడేది. జిల్లా కేంద్రము దగ్గరకు రావడం ఈ విషయంలో చెప్పుకోదగిన మార్పు.

చరిత్ర

ఆధునిక క్రీడలు రాకముందు గ్రామాలలో చెడుగుడు, బిళ్ళంగోడు, గోళీలాట వంటి ఆటలు, బలప్రదర్శనకు రాతిగుండు ఎత్తడం, బండి ఇరుసు ఎత్తడం వంటి పోటీలు ఉండేవి. రాయలసీమ పల్లెలలో ఉగాది, సంక్రాంతి, గ్రామదేవతల జాతరల సందర్భంగా ఇటువంటి పోటీలు ఇప్పటికీ కనిపిస్తాయి. కోలాటం, చెక్కభజన, పండరి భజన ఏకకాలంలో భక్తికీ, వ్యాయామానికీ, వినోదానికీ ఉపకరించే కళలు. పీర్ల పండుగలో హిందువులు, ముస్లిములు కలిసి పాల్గొనడం రాయలసీమలో సాధారణం.

బ్రిటిషు పాలనా కాలంలో మిషనరీ పాఠశాలలు, ప్రభుత్వ పాఠశాలల ద్వారా డ్రిల్లు, ఫుట్‌బాల్, క్రికెట్ వంటివి దక్షిణ భారత పట్టణాలకు వచ్చాయి. నంద్యాలలోని ఎస్.పి.జి. ఉన్నత పాఠశాల పేరులోని మూడు అక్షరాలు 1701లో ఇంగ్లండులో స్థాపించబడిన "సొసైటీ ఫర్ ది ప్రాపగేషన్ ఆఫ్ ది గాస్పెల్" అనే ఆంగ్లికన్ మిషన్ సంస్థను సూచిస్తాయి. ఈ పాఠశాల మైదానము ఆటలతో పాటు బహిరంగ సభలకు కూడా పేరు పొందింది.

స్వాతంత్ర్యానంతరం 1954లో భారత పాఠశాలల క్రీడా సమాఖ్య ఏర్పడింది. దీని పోటీలు మండల, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయులలో మెట్లుమెట్లుగా జరుగుతాయి. చిన్న పట్టణాల విద్యార్థి రాష్ట్ర జట్టులోకి చేరడానికి ఎక్కువగా ఉపయోగపడే మార్గం ఇదే.

మైదానాలు, ప్రభుత్వ సంస్థలు

రాష్ట్రంలో క్రీడల నిర్వహణ ఆంధ్ర ప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ చేతిలో ఉంది. దీనిని క్లుప్తంగా "శాప్" అంటారు. జిల్లా స్థాయిలో జిల్లా క్రీడాభివృద్ధి సంస్థ శిక్షణ, పోటీలు, స్టేడియంల నిర్వహణ చూస్తుంది. నంద్యాలలో పద్మావతినగర్ స్టేడియం ప్రధానమైన క్రీడా ప్రాంగణం. ఇక్కడ క్రీడాకారులతో పాటు ఉదయపు నడకకు వచ్చే పెద్దలు కూడా కనిపిస్తారు. ప్రభుత్వ డిగ్రీ కళాశాల, ఉన్నత పాఠశాలల మైదానాలు కూడా పట్టణానికి ముఖ్యమైనవి. ఆళ్లగడ్డలో ఆటల భారం చాలావరకు పాఠశాల, కళాశాలల మైదానాల మీదనే ఉంది.

2023 డిసెంబరు 26 నుండి 2024 ఫిబ్రవరి 13 వరకు రాష్ట్ర ప్రభుత్వం "ఆడుదాం ఆంధ్రా" పేరుతో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖో-ఖో, బాడ్మింటన్ పోటీలను నిర్వహించింది. పోటీలు గ్రామ, వార్డు సచివాలయాల స్థాయిలో మొదలై మండలం, నియోజకవర్గం, జిల్లాల మీదుగా సాగి, విశాఖపట్నంలో తుది పోటీలతో ముగిశాయి.

పాఠశాల మైదానాల ప్రాముఖ్యము

2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి పాఠశాలకూ ఆటస్థలం, ఆట వస్తువులు, గ్రంథాలయం ఉండాలని నిర్దేశించారు. కానీ పట్టణాలు పెరిగిన కొద్దీ స్థలాల విలువ పెరిగి, అద్దె భవనాలలో, మేడల మీద నడిచే పాఠశాలలు ఎక్కువయ్యాయి. అటువంటి చోట చదివే పిల్లలకు సాయంకాలం వేళ పాత ప్రభుత్వ, మిషన్ పాఠశాలల మైదానాలే దిక్కు. ఒకే మైదానంలో ఒక మూల క్రికెట్, మరొక మూల వాలీబాల్, అంచుల వెంట నడక సాగడం రాయలసీమ పట్టణాలలో నిత్యం కనిపించే దృశ్యం. అదే మైదానాన్ని సభలకు, ప్రదర్శనలకు ఇచ్చినపుడు ఆటలు ఆగిపోతాయి. గుంతలు తవ్విన నేలను తిరిగి చదును చేయకపోతే ఆటగాళ్ళు గాయపడే ప్రమాదం ఉంది.

ఈ దృష్టితో చూస్తే పట్టణంలోని ప్రతి మైదానమూ ఒక ప్రజా ఆస్తి. స్టేడియం కొత్తగా కట్టవచ్చును గాని, పట్టణం నడుమ పోయిన ఆటస్థలాన్ని తిరిగి సంపాదించడం దాదాపు అసాధ్యం.

ఎద్దుల బండలాగుడు పోటీలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో రైతులకు అత్యంత ప్రీతిపాత్రమైన పోటీ బండలాగుడు. మహాశివరాత్రికి మహానందిలోను, సంక్రాంతి, ఉగాది, శ్రీరామనవమి, గ్రామ తిరునాళ్ళ సందర్భంగా అనేక గ్రామాలలోను ఈ పోటీలు జరుగుతాయి.

పోటీ విధానం: ఒక కాడికి కట్టిన ఎద్దుల జత, ఇనుప గొలుసుతో తగిలించిన బరువైన రాతిబండను నిర్ణీత సమయంలో లాగాలి. పోటీ బాటకు ఒక చివర చేరిన తరువాత జతను మళ్ళించి తిరిగి లాగిస్తారు. మొత్తం లాగిన దూరాన్ని అడుగులలో, అంగుళాలలో కొలిచి విజేతను నిర్ణయిస్తారు. కొన్ని అంగుళాల తేడాతో బహుమతి చేతులు మారడం సాధారణం.

విభాగాలు: ఎద్దుల వయస్సును పళ్ళను బట్టి లెక్కిస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అనే విభాగాలు, ఆ పైన పెద్ద ఎద్దుల విభాగాలు ఉంటాయి. కోడెదూడకు సుమారు రెండు, రెండున్నర ఏళ్ళ వయస్సులో కింది దవడ ముందు భాగంలో రెండు పాలపళ్ళు ఊడి శాశ్వత పళ్ళు వస్తాయి. ఆ తరువాత జతలు జతలుగా వచ్చి, నాలుగైదు ఏళ్ళకు ఎనిమిది పళ్ళు పూర్తవుతాయి. జనన పత్రాలు లేని పశువులకు ఇది నమ్మదగిన లెక్క. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది.

పోషణ: పోటీలలో ఎక్కువగా ఒంగోలు జాతి ఎద్దులు పాల్గొంటాయి. వీటిని సేద్యపు పనులకు అంతగా వాడరు. ఉలవలు, పత్తిగింజలు వంటి బలమైన దాణాతో ప్రత్యేకంగా మేపి, క్రమం తప్పకుండా సాధన చేయిస్తారు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత కాడెద్దుల అవసరం తగ్గింది. మేలుజాతి కోడెలను పెంచడానికి రైతుకు మిగిలిన ముఖ్య ప్రోత్సాహం ఈ పోటీలే అని నిర్వాహకులు, పశుపోషకులు వాదిస్తారు.

విమర్శ, చట్టం: కొరడాలతో కొట్టడం, ముల్లుకర్రతో పొడవడం, మండుటెండలో లాగించడం వంటివి జంతుహింస అని జంతు సంక్షేమ సంఘాల విమర్శ. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం అనవసరంగా పశువును బాధించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. 2014 మే 7న సుప్రీం కోర్టు నాగరాజ కేసులో జల్లికట్టును, ఎద్దుబండ్ల పందేలను నిషేధిస్తూ తీర్పు చెప్పింది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ప్రభుత్వాలు చట్టసవరణలు చేశాయి. 2023 మే 18న సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఆ మూడు రాష్ట్రాల చట్టాలకు సంబంధించినది. సంప్రదాయం నిలవాలన్నా, పశువుకు బాధ తగ్గాలన్నా పశువైద్యుల పర్యవేక్షణ, కొరడా వాడకంపై అదుపు, నీరు, నీడ అవసరం అన్న విషయంలో ఇరుపక్షాలకూ పెద్దగా భేదం ఉండనక్కరలేదు.

తిరునాళ్ళు, ఉత్సవాలు

ఆళ్లగడ్డకు సుమారు 25 కి.మీ. దూరంలోని అహోబిలంలో జరిగే పారువేట ఉత్సవం ఈ ప్రాంతానికి ప్రత్యేకం. పారువేట అనగా వేట. కనుమ రోజున దిగువ అహోబిలం ప్రహ్లాద వరదస్వామి, ఎగువ అహోబిలం జ్వాలా నరసింహస్వామి ఉత్సవమూర్తులు పల్లకిలో బయలుదేరి, నల్లమల పాదప్రాంతపు గ్రామాలలో సుమారు నలభై రోజుల పాటు సంచరిస్తారు. ప్రారంభంలో చెంచులు పల్లకివైపు బాణాలు వేయడం ఆచారం. చెంచులక్ష్మితో తన కల్యాణానికి స్వామి స్వయంగా ఊరూరా వచ్చి భక్తులను పిలుస్తాడని ప్రజల విశ్వాసం. పల్లకి వచ్చిన రోజే ఆ ఊరికి తిరునాళ్ళు. ఆడపడుచులు పుట్టింటికి వస్తారు. అంగళ్ళు, ఆటలు, భజనలతో పల్లె కళకళలాడుతుంది.

జలక్రీడలు, విహార స్థలాలు

మహానంది: నంద్యాలకు సుమారు 15 కి.మీ. దూరంలో, నవనందులలో ప్రధానమైన మహానంది క్షేత్రం ఉంది. ఇక్కడి రుద్రగుండం అనే కోనేటిలో నీటి ఊట ఏడాది పొడవునా ఆగదు. నీటి మట్టం సుమారు అయిదు అడుగులుగా స్థిరంగా ఉంటుంది. అడుగున పడిన నాణెం పైకి స్పష్టంగా కనబడేంత తేటగా ఉండడం విశేషం. వెలుపల బ్రహ్మగుండం, విష్ణుగుండం అనే చిన్న కోనేరులు ఉన్నాయి. ఈ నీరే పారి చుట్టుపక్కల పొలాలను, అరటి తోటలను తడుపుతుంది.

చెరువులు, కాలువలు: నంద్యాల చిన్నచెరువు వినాయక నిమజ్జనానికి ప్రసిద్ధి. 1863-1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ కంపెనీ నిర్మించిన కర్నూలు-కడప కాలువ సాగునీటి కొరకే గాక పడవ ప్రయాణానికి కూడా ఉద్దేశించబడింది. కె.సి. కాలువగా పిలవబడే దీనిని 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. వేసవిలో పిల్లలు కాలువలలో ఈత నేర్చుకోవడం పాత అలవాటే గాని, ప్రవాహ వేగము, జారే గట్లు, అడుగున పేరుకున్న బురద వలన ఇది ప్రాణాపాయం. బావులలో బెండ్లు కట్టుకొని పెద్దల పర్యవేక్షణలో ఈత నేర్చుకునే పద్ధతి బావులు ఎండిపోవడంతో తగ్గిపోయింది. అందువలన శిక్షకులు ఉండే ఈతకొలనుల అవసరం పెరిగింది.

కొండలు, అడవులు: ఎగువ అహోబిలం నుండి జ్వాలా నరసింహ, పావన నరసింహ ఆలయాలకు, ఉగ్రస్తంభానికి నడక మార్గాలు ఉన్నాయి. ఉగ్రస్తంభం దారి నిటారుగా ఉండి శ్రమతో కూడుకున్నది. నల్లమలలో పులుల సంరక్షణ కేంద్రం ఉన్నందున అటవీశాఖ నిబంధనలు పాటించడం, చీకటి పడకముందే తిరిగి రావడం అవసరం.

క్లబ్బులు, గ్రంథాలయాలు

చిన్న పట్టణాలలో వినోద క్లబ్బులు సాధారణంగా సంఘాల నమోదు చట్టం కింద నమోదవుతాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో 1860 నాటి కేంద్ర చట్టం స్థానంలో 2001 నాటి రాష్ట్ర చట్టం వచ్చింది. క్లబ్బులలో క్యారమ్స్, చదరంగం, బాడ్మింటన్‌తో పాటు పేకాట కూడా ఉండడం వలన చట్టపరమైన వివాదాలు వచ్చాయి. రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని 1967లో సుప్రీం కోర్టు ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో తీర్పు చెప్పింది. 1974లో రాష్ట్రం జూద నిరోధక చట్టం చేసింది. 2020లో దానిని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని, డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

ఖర్చులేని వినోదానికి గ్రంథాలయాలు మరొక ఆధారం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు వసూలు చేసే ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరుతుంది. అనగా ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబమూ తమ ఊరి గ్రంథాలయానికి చందా కట్టినట్లే. ఉదయం దినపత్రికలు చదివే వృద్ధులు, పోటీ పరీక్షలకు చదువుకునే యువకులు వీటిని ఎక్కువగా ఉపయోగిస్తారు.

అవసరాలు

ఈ ప్రాంతపు క్రీడాభివృద్ధికి కొత్త కట్టడాల కన్నా ముందు కావలసినవి ఉన్న మైదానాల రక్షణ, ప్రతి ఉన్నత పాఠశాలకు వ్యాయామోపాధ్యాయుడు, ఆడపిల్లలకు విడిగా దుస్తులు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, ఆళ్లగడ్డ వంటి చిన్న పట్టణాలలో నిలకడైన శిక్షణ. జిల్లా కేంద్రము దగ్గరైనంత మాత్రాన ఆట దగ్గర కాదు. సాయంత్రం బడి గంట కొట్టిన తరువాత మైదానపు గేటు తెరిచి ఉండాలి.