పూరీ గేట్‌లో తల్లి జీతం

పూరీ గేట్ అన్న పేరు వినగానే తెలుగువానికి దక్షిణానికి సాగే పట్టాలు స్ఫురిస్తాయి. ఖరగ్‌పూరుకు తెలుగువారిని తెచ్చినవి ఆ పట్టాలే. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తియై హౌరాతో సంబంధం కలిగినది. 1902లో కటకం నుండి వాల్తేరు వరకు గల తూర్పు కోస్తా మార్గం కూడ ఆ కంపెనీ చేతికి వచ్చినది. ఆనాటి నుండి శ్రీకాకుళం, విశాఖపట్టణం, గంజాం ప్రాంతాల పల్లెలకు ఖరగ్‌పూరు కర్మాగారం పరాయి దేశం కాలేదు. ఒకే రైలుదారికి అవతలి కొసన ఉన్న ఊరు, అంతే.

ఈ వలస చరిత్రను మనం పనివాని చరిత్రగానే చెప్పుకొంటూ వచ్చాము. 1927 నాటి సమ్మెలు, ఆ కార్మికుల పక్షాన నిలిచిన వి.వి. గిరిగారి పేరు అందరూ ఎరిగినవే. ఆ పనివాడు మరణించిన నాడు, లేక ఇల్లు విడిచి పోయిన నాడు, పిల్లలతో మిగిలిన తల్లి ఏ కూలి చేసి బ్రతికినదన్న ప్రశ్న ఆ చరిత్రలో చోటు చేసుకోలేదు.

శాసనం ఆమెను చూడక పోలేదు. చూచిన తీరే విచిత్రమైనది. పనిలో మరణించిన కార్మికుని కుటుంబానికి పరిహారం ఇప్పించే చట్టం 1923లో వచ్చినది. అందలి ఎనిమిదవ విభాగం ప్రకారం మరణ పరిహారాన్ని యజమాని నేరుగా ఆమె చేతికి ఇవ్వరాదు. కమిషనరు వద్ద జమ చేయవలెను. ఒక్కసారిగా ఇచ్చే ఏ మొత్తం విషయంలోనైనా స్త్రీని, చట్టరీత్యా అసమర్థులైన వారిని ఒకే వాక్యంలో చేర్చినారు. కంపెనీ మోసం నుండి కాపాడుటకే ఈ ఏర్పాటు అని వాదింపవచ్చును. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. అయినను, రేపు ఇంటికి ఏకైక సంపాదనపరురాలు కావలసిన మనిషికి తన డబ్బు లెక్క చూచుకొనే శక్తి లేదని ముందుగానే నిర్ణయించిన వాక్యమది.

కర్మాగారపు తలుపు ఆమెకు మరింత ఇరుకైనది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సాయంకాలం ఏడు గంటల నుండి ఉదయం ఆరు వరకు స్త్రీలచే పని చేయించరాదన్నది. అదే చట్టం ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేసే చోట శిశుశాల ఉండవలెనన్నది. 1976లో ఆ సంఖ్యను ముప్పదికి తగ్గించారు. నాటి లెక్క స్త్రీలది గాని పిల్లలది కాదు. ఇనుము కరిగించి, పెట్టెలు మరమ్మతు చేసే చోట స్త్రీలు ఎందరు? పదిమందే ఉంటే శిశుశాల పెట్టవలసిన పని ఉండేది కాదు. శిశుశాల లేనిచోటికి చంటిబిడ్డ గల పదకొండవ స్త్రీ ఎట్లు వచ్చును?

రైల్వే ఉద్యోగులకు పింఛను 1957లోను, కుటుంబ పింఛను పథకం 1964లోను వచ్చినవి. వీటికంటె ఇక్కడి ఇండ్లలో ఎక్కువ చర్చకు వచ్చేది కారుణ్య నియామకం. భర్త మరణిస్తే భార్యకో బిడ్డకో రైల్వేలో ఉద్యోగం దొరకవచ్చును. భార్య తాను చేరలేనప్పుడు, మైనరు కొడుకు పెద్దవాడయ్యే వరకు అర్జీని నిలిపి ఉంచుటకు నియమాలలో వీలున్నది. ఆ వీలే తల్లికి చిక్కుముడి అయినది. ఆమె చేరితే తక్షణం జీతం వచ్చును; కాని తెల్లవారకముందే మొదలయ్యే షిఫ్టుకు పోతే పసివానిని ఎవరు చూస్తారు? చేరకపోతే ఉద్యోగం కొడుకు పేర మిగులును. కాని ఆ పది పన్నెండు ఏండ్లు గడిచేది ఎట్లు? అత్తవారు, మరుదులు మగబిడ్డ వైపే మొగ్గుటలో ఆశ్చర్యం లేదు. 1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో సుప్రీం కోర్టు ఇట్టి నియామకం వారసత్వపు హక్కు కాదనీ, ఆకస్మికంగా వచ్చిన కష్టాన్ని గట్టెక్కించుటకే ననీ స్పష్టం చేసినది. ఇంటివారి లెక్క మాత్రం నేటికీ వారసత్వపు లెక్కే. ఆ లెక్కలో తల్లి ఉద్యోగి కాదు, ఉద్యోగానికి కాపలాదారు.

మధ్యకాలంలో మిగిలేది ఇండ్లలో పని. గడువు తీరగానే రైల్వే క్వార్టరు విడువవలెను; అద్దెగది వెదుకవలెను. గేటు దాటి పోతే 1951లో హిజ్లీలో నెలకొన్న సాంకేతిక విద్యాసంస్థ, దాని ఉద్యోగుల ఇండ్లు. అంట్లు తోమి వంట చేయవలసినది ఉదయపు గంటలలోనే. తన పిల్లలను లేపి, అన్నం పెట్టి, బడికి పంపవలసినదీ ఆ గంటలలోనే. ఒకరి పిల్లల టిఫిను డబ్బా సర్దే వేళకు తన బిడ్డ తానే జడ వేసికొనును.

విడిచి పోయిన భర్త గల స్త్రీకి ఈ మాత్రమూ లేదు. బ్రతికి ఉన్న మనిషి పేర కారుణ్యం పుట్టదు. మనోవర్తికై మేజిస్ట్రేటును ఆశ్రయిస్తే, 1973 నాటి నేర విచారణ స్మృతి ప్రకారం నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించుటకు వీలులేదు. 2001 వరకు అదే హద్దు.

చదువు ఆగిపోయిన స్త్రీలు ఉద్యోగానికి అర్హులయ్యేటట్లు సంక్షిప్త విద్యాక్రమాన్ని 1958లో కేంద్ర సంఘసంక్షేమ మండలి ప్రారంభించినది. దాని తొలి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఉద్యోగం చేసే తల్లికి పిల్లల సంరక్షణ సెలవు అందుటకు మాత్రం 2008 వరకు ఆగవలసి వచ్చినది. ఒంటరి తండ్రికి 2018 వరకు. మొత్తం 730 రోజులు, అవి కూడ ప్రభుత్వపు కొలువు గల వారికే. స్టేషనులో కాంట్రాక్టరు క్రింద ప్లాట్‌ఫారం ఊడ్చే తల్లి ఒక దినం రాకపోతే ఆ దినపు కూలి పోవును. మరునాడు ఆమె స్థానంలో వేరొకతె చీపురు పట్టి ఉండవచ్చును.