ధర్మము ముందు, చట్టము వెనుక

చట్టము లెక్కడ పుట్టునని యడిగిన, శాసనసభలలో పుట్టునని చెప్పుట సులభము. కాని శాసనసభ చట్టమునకు రూపము నిచ్చునే గాని ప్రాణము నియ్యజాలదు. ఆ ప్రాణము ప్రజల ధర్మబుద్ధినుండి రావలెను. ధర్మమునకు మూలములను చెప్పుచు మనుస్మృతి వేదమును, స్మృతిని, సజ్జనుల యాచారమును పేర్కొని, నాలుగవదిగ ఆత్మతుష్టిని చేర్చినది. అనగా మనుష్యుని యంతరాత్మయు సమ్మతింపవలెనని భావము. గ్రంథము మౌనము వహించినపుడును, ఆచారము దారి తప్పినపుడును మనకు మిగులునది యీ నాలుగవ ప్రమాణమే. దీనికి నిదర్శనములు వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల నూరేండ్ల చరిత్ర చాలును.

మదనపల్లెలో 1915వ సంవత్సరమున అనీ బెసెంటు కళాశాలను స్థాపించెను. ఐర్లండు దేశస్థుడగు జేమ్సు కజిన్సు, 1916లో తన దేశీయుల తిరుగుబాటును ప్రశంసించుచు వ్రాసినందున పత్రికలోని యుద్యోగమును కోల్పోయి, ఈ కళాశాలకు వచ్చెను. ఆయన భార్య మార్గరెట్ కజిన్సు స్వదేశమునందే స్త్రీల వోటు హక్కుకొరకు కారాగారవాస మనుభవించిన వీరవనిత. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి, జనగణమన గీతమును ఆంగ్లమున ననువదించినపుడు, దాని స్వరములను పదిలపరచిన దామెయే. ఈ సంగతి మన ప్రాంతమున చాలమంది యెరుగుదురు. అంతకంటె గొప్పదైన మరియొక సంగతిని మాత్రము మనము తగినంతగ స్మరించుట లేదు.

మదనపల్లె స్త్రీలు ఆ దినములలో అబలాభివర్ధనీ సమాజమను పేర కూడుచుండిరి. మార్గరెట్ కజిన్సు వారి నడుమ పనిచేసెను. 1917 మే నెలలో అడయారునందు భారత మహిళా సంఘ మేర్పడినపుడు దాని స్థాపకులలో ఆమె యొకతె. ఆ సంవత్సరము డిసెంబరులో ఇండియా మంత్రి మాంటేగు మదరాసునకు రాగా, సరోజినీనాయుడు నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గ మొకటి ఆయనను దర్శించెను. వారు మొదట కోరదలచినది స్త్రీవిద్య. రాజకీయ విషయములనుగూర్చి తప్ప వినతులు స్వీకరింపబడవని తెలియగా, వోటు హక్కు ప్రస్తావన వారి వినతిపత్రమున చేరెను. దానిని వ్రాసినది మార్గరెట్ కజిన్సే.

ఆనాటి ప్రభుత్వము వెంటనే యంగీకరింపలేదు. వోటు హక్కును విచారించిన సౌత్‌బరో సంఘము, ఈ దేశపు టాచారములు దీనికి తగినవి కావని త్రోసివేసెను. చివరకు పార్లమెంటు ఈ ప్రశ్నను రాష్ట్రముల శాసనసభలకు వదలిపెట్టెను. 1921లో ఇండియాలోని రాష్ట్రములన్నిటిలో మొదట మదరాసు శాసనసభ స్త్రీలకు వోటు హక్కు నిచ్చెను. ఆస్తి యర్హత యుండుటచే ఆ హక్కు కొలదిమందికే దక్కినమాట నిజము. అయినను ఆచారము పేరు చెప్పి పరదేశీయులు నిరాకరించినదానిని, ఆ యాచారముల నడుమ పుట్టి పెరిగిన మనవారే న్యాయమని యెంచి యిచ్చిరి. ఆచారమున కతీతమైన ధర్మబుద్ధి మనయందు కలదని ఆనాడు రుజువైనది.

కాని చట్టము చేసినంతమాత్రమున పని ముగియదు. 1929లో బాల్యవివాహ నిరోధక చట్టమైన శారదా చట్టము వచ్చెను. వధువునకు పదునాలుగు, వరునకు పదునెనిమిది యేండ్లు నిండవలెనని దాని నిబంధన. 1930 ఏప్రిలు 1వ తేదీనుండి యది యమలులోనికి వచ్చెను. అంతట తెలుగువారిలో ననేకులు తమ పిల్లల పెండ్లిండ్లు చేయుటకు, ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానామునకు బండ్లు కట్టించిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు కూడ వచ్చెను. చట్టము సరిహద్దువరకే పోగలదు. మనస్సు మారనివాడు సరిహద్దు దాటిపోవును. వధువు వయఃపరిమితిని 1949లో పదునైదేండ్లకును, 1978లో పదునెనిమిదేండ్లకును పెంచిరి. 2006లో క్రొత్త చట్టమే వచ్చెను. ఇన్ని జరిగినను బాల్యవివాహములు పూర్తిగ నశించలేదు. చదువుకొన్న తల్లి తన కుమార్తెను చదివింప నిశ్చయించిన యింట ఈ చట్టముతో పనిలేదు. అట్టి నిశ్చయము లేని యింటికి చట్టము చాల యాలస్యముగ చేరును.

ఇక చట్టమే యధర్మమైనచో నేమి చేయవలెను? దీనికిని మార్గరెట్ కజిన్సు జీవితమే సమాధానము. ఆమె ఇండియాలో మేజిస్ట్రేటు పదవి నలంకరించిన తొలి స్త్రీలలో నొకతె. అట్టి యామె 1932లో, వాక్స్వాతంత్ర్యమును హరించు అత్యవసర శాసనములను బహిరంగముగ ఖండించి, ఒక యేడు శిక్షకు పాత్రురాలై వేలూరు చెరసాలకు పోయెను. తీర్పు చెప్పిన చేతులే సంకెళ్లకు సిద్ధపడినవి. చట్టమును గౌరవించుట, దానిని ధర్మముతో తూచి చూచుట అను నీ రెండును పరస్పర విరుద్ధములు కావని యామె చేతలలో చూపెను.

మదనపల్లెనుండి పుంగనూరు, కుప్పముల వైపు తిరిగినచో ప్రశ్న మారును. అచటి ప్రశ్న భూమి. పుంగనూరు ఒక జమీ. కుప్పము కంగుంది జమీకి చెందినది. భూమి యెవరిది? పన్ను వసూలు చేయువానిదా, చెమటోడ్చి దున్నువానిదా? 1908లో వచ్చిన ఎస్టేట్ల భూమి చట్టము రైతునకు సాగు హక్కును కొంత స్థిరపరచెను. 1937లో ఏర్పడిన కాంగ్రెసు ప్రభుత్వము, రెవిన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశము పంతులు అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము 1938లో, భూమికి యజమాని రైతేయనియు, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేయనియు తేల్చెను. 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా చేయుటచే కార్యము నిలిచిపోయెను. కాని యొకమారు ప్రజల మనస్సున నెలకొన్న న్యాయనిర్ణయము మంత్రివర్గముతోపాటు రాజీనామా చేయదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చి, జమీందారులకు పరిహార మిచ్చి, వారి జమీలను రైతువారీ పద్ధతిలోనికి తెచ్చెను. పట్టా గల రైతునకు విముక్తి కలిగెను. పట్టా లేక కూలికి పోవువాని ప్రశ్న మాత్రము మిగిలియే యుండెను. ఒక యన్యాయమును తొలగించిన చట్టము దాని వెనుక దాగిన రెండవ యన్యాయమును మనకు చూపించును. అందుచేతనే ధర్మవిచారమునకు విశ్రాంతి లేదు.

కుప్పము మనకు నేర్పు పాఠ మింకొకటి కలదు. తెలుగు, తమిళము, కన్నడము కలియు చోటది. అచటి సంతలో నొకడు ఒక భాషలో ధర యడుగును, వేరొకడు వేరొక భాషలో బదులు చెప్పును, బేరము కుదురును. ఇట్లు కలిసి మెలగవలెనని వారిని శాసించిన చట్ట మేదియు లేదు. 1997లో కుప్పమునందు ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. సామాన్యజనులు తరతరములుగ నాచరించుచున్న సౌహార్దమునకు విద్యారూపము నిచ్చుటయే యది. సమాజమును నిలుపు విలువలలో ముఖ్యమైనవి కొన్ని యిట్లే వ్రాతకెక్కక బ్రతుకుచుండును.

గ్రంథాలయము కథయు నిట్టిదే. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినపుడు, పుస్తకము అందరి సొత్తని చెప్పు చట్టమేదియు మనకు లేదు. అయ్యంకి వెంకటరమణయ్య మొదలగువారి యూరూరి తిరుగుడు ఉండెను. మూడు దశాబ్దములకు పైగ సాగిన కృషి తరువాత, 1948లో మదరాసు గ్రంథాలయ చట్టము వచ్చెను. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చెను. నేడు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను చెల్లించు ప్రతి గృహస్థుడును, తాను చదివినను చదువకున్నను, పొరుగింటి పిల్లవాని చదువునకు తన వంతు నిచ్చుచున్నాడు. ధర్మము చట్టమగుట యనగా నిదియే.

అయితే పన్ను కట్టినంతనే మన వంతు తీరదు. వదంతిని విని తీర్పు చెప్పుట సులభము. రెండు పక్షములను చదివి, ఆలోచించి తీర్పు చెప్పుట కష్టము. ఈ రెండవ యలవాటు నేర్పుటకే గ్రామమున గ్రంథాలయ మున్నది. ఇరువదియైదేండ్లు నిండిన యీ పఠనమందిరమున నిట్టి యాలోచన యెంత పెరిగిన, రేపటి చట్టములు అంత న్యాయమైనవి కాగలవు. అందుకు తలుపు తెరచియుంచుట మన పని.