రూకకు భోజనం: పూటకూటి ఇంటి కథ

ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు తిరుగుతున్నారు. ఒకరు గోవింద మంచన శర్మ, మరొకరు టిట్టిభ సెట్టి. ఊరంతా చూస్తూ వెళ్లే వాళ్ల కథలో ఆకలి మాట కూడా వస్తుంది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు ఏమేం పెడతారో కవి వరసగా చెబుతాడు: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, చివర్లో గడ్డపెరుగు.

వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న ‘క్రీడాభిరామం’లోది ఈ విందు. కాకతీయుల రాజధానిని కళ్లకు కట్టే ఆ కావ్యంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఈ పూటకూటి ఇల్లే. ఆ ఇంటికి వేరే పేరు లేదు, ఇంటివారి పేరే దాని పేరు. ధర ఇంత అని ఊరందరికీ తెలుసు. ఏం వడ్డిస్తారో నోటి మాటగా పాకిపోయింది. మన సందు చివర మెస్ ఇప్పటికీ నడిచేది ఇలాగే కదా!

పూట అంటే ఒక వేళ, కూడు అంటే అన్నం. పూటకు ఇంత అని పుచ్చుకుని పెట్టే కూడు పూటకూడు. హోటల్ అనే మాట మన ఊళ్లకు రాకముందు బాటసారికీ, కోర్టు పని మీద వచ్చినవాడికీ, చదువుకోవడానికి వచ్చిన కుర్రాడికీ ఈ ఇళ్లే దిక్కు. బీద విద్యార్థులకైతే వారాలు ఉండేవి. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట తిని చదువుకున్న తరాలు మనకున్నాయి. వారాలు దొరకనివాళ్లు, చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లు పూటకూటి ఇంటి మెట్లెక్కేవారు.

అన్నం పెట్టడం పుణ్యం, అన్నం అమ్మడం పాపం అని నమ్మిన సమాజం మనది. అందుకే పూటకూళ్లు నడపడాన్ని తక్కువ పనిగా చూశారు. ఆ పని ఎక్కువగా ఎవరి మీద పడింది? మొగుడు పోయి, ఆస్తి లేక, పిల్లల్ని సాకాల్సిన ఆడవాళ్ల మీద. వాళ్లకు తెలిసిన విద్య వంట, ఉన్న పెట్టుబడి పొయ్యి.

విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ ఉంది. సంతలో సామాను కొనిపెడతానని గిరీశం ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి సానికి ఖర్చుపెట్టాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని ఆ సాని మధురవాణి ఇంటికే వచ్చిన ఘట్టానికి నూరేళ్లకు పైగా నవ్వుతున్నాం. ఆ ఇరవై రూపాయలు ఎన్ని విస్తళ్ల సంపాదనో మాత్రం తలచుకోం. నాటకంలో ఆమెకు సొంత పేరు కూడా లేదు.

నాటకం రెండో కూర్పు వెలువడిన 1909లోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ కన్నుమూశారు. గోదావరి లంకల్లో వేళ కాని వేళలో వచ్చినవాళ్లకూ లేదనకుండా పెట్టిన తల్లి ఆమె. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టుకున్నాం. సీతమ్మకు ఆ గౌరవం దక్కవలసిందే. కానీ పూటకూళ్లమ్మకూ కాస్త దక్కాలి.

ఎందుకో ఒంగోలు చెబుతుంది. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశానికి పదకొండేళ్ల వయసులో తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూటి ఇల్లు పెట్టి పిల్లల్ని పెంచారు. ఆ ఇంట పెరిగిన పిల్లవాడే బారిస్టరయ్యాడు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు ఎదురు తిరిగి, తుపాకులకు రొమ్ము చూపాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆంధ్రకేసరి చదువుకు పునాది పరాయివాళ్లకు వడ్డించిన విస్తళ్ల మీద పడింది.

ఈ చరిత్రలో చేదు కూడా ఉంది. పూటకూటి ఇంటి గడప అందరికీ తెరిచి ఉండేది కాదు. కులం అడిగే లోపలికి రానిచ్చేవారు. తరవాత వచ్చిన కాఫీ హోటళ్లలోనూ కొన్ని కులాలవాళ్లకు వేరే గదులు, వేరే బల్లలు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ల మాట ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. ఎవరి పక్కన ఎవరైనా కూర్చుని తినగలిగే మెస్ బల్ల మనం పోరాడి సంపాదించుకున్నది.

ఆ బల్ల కోసం పెద్ద రోడ్డు దిగి సందులోకి వెళ్లాలి. విజయవాడ గాంధీనగర్‌లో 1942 నుంచి ఇడ్లీ మీద వెన్న వేసి పెడుతున్న బాబాయ్ హోటల్‌ను ఊరంతా ఎరుగుదురు. పేరు పడని ఇళ్లు ఇంకెన్నో. పోటీ పరీక్షల పిల్లలుండే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటలో, ప్రతి జిల్లా కోర్టు వెనకాల వెతకండి. గుమ్మం బయట చెప్పుల గుంపు, అరుగు మీద వరసగా క్యారేజీలు, నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆ రోజు కూర పేరు, జేబుల్లో నెల టికెట్ల పుస్తకాలు కనిపిస్తే మీరు సరైన చోటికి వచ్చినట్టే. రెండు దాటితే పప్పు అయిపోతుంది. అదీ మంచి గుర్తే, పొద్దున వండింది రాత్రికి మిగలదన్నమాట.

సాయంత్రం హైదరాబాద్ రోడ్ల పక్కన కట్టెల పొయ్యి రాజేసి, జొన్నపిండిని అరచేతులతో చరుస్తూ రొట్టెలు కాల్చే అమ్మల దగ్గరా ఆగండి. వాళ్లకు పైకప్పు కూడా లేదు. ఆ పొయ్యి సెగ మాత్రం ఒంగోలు సుబ్బమ్మ ఎరిగినదే.

ఉచితంగా పెట్టినవారిని ‘అన్నదాతా సుఖీభవ’ అని దీవించి లేవడం మన అలవాటు. డబ్బిచ్చి తిన్నచోట ఆ మాట అనం. ఈసారి మెస్‌లో చెయ్యి కడుక్కుని, లెక్క చెల్లించాక, వంటింటి వైపు తిరిగి ఆ మాట అనండి. ఏడు వందల ఏళ్ల బాకీ అది.