త్రీ ఫిఫ్టీన్ పుట్టిన కథ

ఎన్నికల కోడ్ వచ్చిందంటే నెల్లూరు జిల్లాలోని మా కలిగిరి చుట్టుపక్కల ఊళ్లలో లైసెన్సు తుపాకులు ఇళ్లలోంచి బయటికొస్తాయి. గోనెపట్టాలో చుట్టినవి, తోలు సంచిలో దాచినవి, మోటార్‌సైకిల్ మీద అడ్డంగా పెట్టుకొచ్చినవి, అన్నీ పోలీస్ స్టేషన్‌కు చేరతాయి. రసీదు రాసి, ఒక్కోదానికి చీటీ కట్టి లోపల పెడతారు. చిన్నప్పుడు ఒకసారి మా పెదనాయన వెంట నేనూ వెళ్లాను. ఆయన వరసలో నిలబడి ఉంటే నేను చీటీలు చదువుతూ కూర్చున్నాను. చాలావాటి మీద 12 బోర్ అని ఉంది. కొన్నింటి మీద ఎం.ఎల్. అని ఉంది, అంటే మూతిలోంచి మందు దట్టించి కాల్చేది. రెండు మూడింటి మీద మాత్రం .315 అని ఉంది. పెదనాయనదీ అదే.

"పెదనాయనా, ఈ మూడొందల పదిహేనేంది?"

"బోరబ్బయా. గొట్టం కొలత."

"మూడొందలు పెట్టొచ్చు గదా, సరిగ్గా ఉండేది."

"మనకిచ్చేది అదే. వేరేది ఇయ్యరు."

పెదనాయన శనక్కాయ చేలో పందులు పడితే రాత్రిపూట గాల్లోకి ఒక తోటా కాల్చేవాడు. ఆ రైఫిల్ గురించి ఆయనకు అంతకుమించి తెలియదు. వేరేది ఎందుకు ఇయ్యరో వెతుక్కుంటూ పోయేసరికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ వెతుకులాటలో వందల ఏళ్ల చరిత్ర దొరికింది. అందులో మన దక్షిణాది వేటగాడి చేతి పని కూడా ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తుపాకి మన దగ్గర పుట్టింది కాదు. ఆ మాట కూడా తుర్కీ భాష నుంచి వచ్చిందే. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు, క్రిస్తోవావ్ ద ఫిగేరెదో అనే పోర్చుగీసువాడు తన మనుషులతో వచ్చి, కోటగోడ మీద కనిపించినవాళ్లను తుపాకులతో గురిపెట్టి కొట్టాడు. అంతకు ఆరేళ్ల ముందు మన ఉదయగిరి దుర్గాన్ని పట్టడానికి రాయలకు ఏడాదికి పైగా పట్టింది. రాయచూరులో ఆ గురికాళ్లు చేసిన సాయాన్ని పోర్చుగీసు రాతగాడు నూనిజ్ ప్రత్యేకంగా రాసిపెట్టాడు.

అప్పటి తుపాకికి వత్తి వెలిగించాలి. తర్వాత చెకుముకి రాయి వచ్చింది. రాయి ఇనుమును కొట్టి, నిప్పురవ్వ గిన్నెలోని మందు మీద పడి, అది భగ్గుమని, ఆ మంట చిన్న బెజ్జంలోంచి లోపలికి పాకాలి. ఈలోగా పిట్ట ఎగిరిపోయేది. స్కాట్లాండులో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే చర్చి పాదిరీకి నీటిపక్షుల వేటంటే ప్రాణం. బయటి మంట మెరుపు చూసి పక్షులు లేచిపోతుంటే ఆయన విసిగిపోయాడు. దెబ్బ తగిలితే చాలు పేలిపోయే రసాయనాన్ని వాడి, బయటికి మెరుపు కనపడకుండా చేశాడు. 1807లో పేటెంటు తీసుకున్నాడు. ఆ ఆలోచనే కొన్నేళ్లకు చిన్న రాగి టోపీగా మారింది. పంట కాపలాకు లైసెన్సు ఇచ్చే ఎం.ఎల్. తుపాకికి ఇప్పటికీ ఆ టోపీయే తొడుగుతారు. ఒక పాదిరీ పిట్టల వేటలో పడ్డ చికాకు లోకంలోని సైన్యాలన్నిటి తుపాకులనూ మార్చేసింది.

ఇక గురి. బొంగరం తిరుగుతున్నంతసేపు నిటారుగా ఉంటుంది, తిరగడం ఆగితే పడిపోతుంది. గుండు కూడా అంతే. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు తీసి, గుండును తిప్పుతూ బయటికి పంపితే అది దూరం తిన్నగా పోతుంది. రైఫిల్ అంటే ఆ గాడులున్న తుపాకి. ఈ సంగతి యూరపు వేటగాళ్లకు ఎప్పుడో తెలుసు. చిక్కల్లా ఒక్కటే. గుండు గాడులను గట్టిగా పట్టుకోవాలంటే బిగువుగా ఉండాలి. బిగువుగా ఉంటే మూతిలోంచి లోపలికి దిగదు, కర్రతో కొట్టి కొట్టి దించాలి. వేటగాడికి అంత తీరిక ఉంటుంది, యుద్ధంలో సిపాయికి ఉండదు. వదులుగా ఉంటేనేమో సులువుగా దిగుతుంది గానీ పక్కల నుంచి పొగ తప్పించుకుపోయి బలం పోతుంది, గాడులు పట్టవు.

ఈ ముడి విప్పిన ఆలోచన దక్షిణ భారతంలో దొరికింది. పందొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో జాన్ నార్టన్ అనే బ్రిటిష్ కెప్టెన్ 34వ రెజిమెంటుతో ఇక్కడ ఉన్నాడు. స్థానిక వేటగాళ్లు పొడుగు గొట్టంలో చిన్న బాణం పెట్టి నోటితో ఊది పిట్టలు కొట్టడం చూశాడు. ఆ బాణం తీసుకుని పరీక్షించాడు. దాని వెనక కొసకు మెత్తని బెండు ఉంది. ఊదినప్పుడు ఆ గాలికి బెండు ఉబ్బి గొట్టం అంచులకు అతుక్కుంటుంది. గాలి చుక్కంత కూడా పక్కకు పోదు, బలమంతా బాణానికే. లోపల పెట్టేటప్పుడు వదులు, ఊదేటప్పుడు బిగువు!

నార్టన్ ఆ బెండు పనిని సీసంతో చేయించాడు. గుండును బంతిలా కాకుండా ముందు మొనదేలి, వెనక గుల్లగా ఉండేట్టు పోశాడు. మందు పేలితే ఆ వేడిగాలి గుల్లలోకి దూరి సీసాన్ని ఉబ్బించి గాడులకు అదుముతుంది. సైన్యం పెద్దలు దాన్ని పట్టించుకోలేదు. తర్వాత 1836లో విలియం గ్రీనర్ అనే తుపాకుల పనివాడు అలాంటిదే ఇంకొంచెం మెరుగుపరిచి చూపించాడు. ఆయన్నీ పంపేశారు. 1849లో ఫ్రెంచి అధికారి మినియే అదే సూత్రంతో గుండు చేసి పేరు తెచ్చుకున్నాడు. బ్రిటిష్ ప్రభుత్వం మినియేకు 20,000 పౌండ్లు కట్టింది, గ్రీనర్‌కు చాలా ఆలస్యంగా 1,000 పౌండ్లు ఇచ్చింది. బెండు బాణం చెక్కినవాడి పేరును ఎవరూ రాసుకోలేదు. ఆ పేరు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. యానాదులో, కొండజాతివాళ్లో, ఇంకెవరో, తెలుసుకునే దారి లేదు.

తర్వాత కథ అందరికీ తెలిసినదే, కాకపోతే ఈ వైపు నుంచి చూడం. ఆ ఉబ్బే గుండుతోనే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చింది. గుండునూ మందునూ కాగితంలో చుట్టి కొవ్వు రాసేవారు. సిపాయి ఆ కాగితాన్ని పళ్లతో కొరికి చించాలి. అది ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట పుట్టింది. 1857 వచ్చింది.

ఆ తిరుగుబాటు అణిగిన తర్వాత దొరలకు పట్టుకున్న భయం ఇక వదల్లేదు. దేశీ సిపాయిలకు పైకి ఎన్‌ఫీల్డ్‌లాగే కనిపించే తుపాకులిచ్చారు, లోపల గాడులు లేవు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. ఇక్కడివాడు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరపువాడికి అక్కర్లేదు. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఆ చట్టాన్ని సవరించమని తీర్మానం చేసింది. అప్పటికి మన నెల్లూరు జిల్లా కూడా మద్రాసు రాజధానిలోదే.

లైసెన్సుతో భయం తీరలేదు. తుపాకి కంటే తోటా ముఖ్యమని వాళ్లకు తెలుసు. సైన్యం తోటా సరిపోయే తుపాకి బయట ఉంటే, దొంగిలించిన తోటా ప్రాణం తీస్తుంది. సరిపోయే తుపాకి లేకపోతే అది ఇత్తడి ముక్క. అందుకని 1907 ప్రాంతంలో .450 కొలత రైఫిళ్లను హిందూ దేశంలోకి రానివ్వడం ఆపేశారు. పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకుల కొలత అదే కావడం కారణం. అప్పటికి ఏనుగుల వేటకూ పులుల వేటకూ లండన్ రిగ్బీ వాళ్లు 1898లో తెచ్చిన .450 జంట గొట్టాల రైఫిల్‌కు మంచి గిరాకీ ఉంది. ఆ ఒక్క నిషేధంతో ఇంగ్లండులోని తుపాకి కంపెనీలన్నీ పరుగులు పెట్టి .465, .470, .475 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. ఆఫ్రికాలో ఇప్పటికీ పెద్ద జంతువుల వేటగాళ్లు ఇష్టపడే .470 ఇక్కడి నిషేధంలోంచి పుట్టిందే.

సైన్యం వాడే .303 లీ-ఎన్‌ఫీల్డ్‌కూ అదే నియమం. జేమ్స్ పారిస్ లీ రూపొందించిన ఆ బోల్టు చాలా గట్టిది, చకచకా నడుస్తుంది, ధర తక్కువ. దాన్ని సామాన్యుడికి అమ్మాలనుంది, కొలత మాత్రం వేరేదై ఉండాలి. బర్మింగ్‌హామ్ బి.ఎస్.ఎ. కంపెనీ ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడే 8 మిల్లీమీటర్ల మాన్లిషర్ తోటాను తీసుకుంది. అది బ్రిటిష్ సైన్యం తోటా కాదు కాబట్టి అభ్యంతరం లేదు. 8 మిల్లీమీటర్లను అంగుళాల్లోకి మారిస్తే 0.315. పెదనాయన తుపాకి చీటీ మీది అంకె అదే. .303కూ .315కూ తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు, ఒక నువ్వుగింజ మందమైనా రాదు. ఆ సందులోనే రాజ్యం తన భద్రతను చూసుకుంది.

ఆ భయం ఒట్టిది కాదని 1922 ఆగస్టులో మన్యం చూపించింది. అల్లూరి సీతారామరాజు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడ్డాడు. తుపాకులొక్కటే పట్టుకుపోలేదు, తోటాలూ పట్టుకుపోయాడు. తోటా విలువ ఆయనకూ తెలుసు. పోలీసులకు కూడా తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో .303 గొట్టాల్లోని గాడులు తీసేసి, ఒక్కో తోటా పెట్టి కాల్చేలా .410 మస్కెట్లు చేసిచ్చారు.

వేట పుస్తకాలు చదివేవాళ్లకు జిమ్ కార్బెట్ .275 రిగ్బీ గుర్తుండే ఉంటుంది. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు ఆయనకు బహూకరించినది. అదీ జర్మన్ మౌజర్ 7 మిల్లీమీటర్ల తోటాయే, అంగుళాల్లో పేరు మార్చుకుంది. మనకు ఇంకా దగ్గరివాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో హైదరాబాదు బొలారంలో పుట్టాడు. చిత్తూరు అడవుల్లో, చామల లోయలో, మామండూరులో తిరిగాడు. ఆయన నమ్ముకున్నది .405 వించెస్టర్. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1895 నమూనా రైఫిల్ అది. అలాంటి ఖరీదైన తుపాకి మా ఊళ్లలో ఎవరి ఇంట్లోనూ ఉండేది కాదు. ఇక్కడ ఇష్టం అనేదానికి చోటే తక్కువ. చేతికి వచ్చినదాన్నే నూనె రాసి, తుడిచి, ఇష్టపడ్డారు.

12 బోర్, చేతి తుపాకుల సంగతి క్లుప్తంగా చెప్తాను. 12 బోర్ అంటే అంగుళాల కొలత కాదు. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం అది. రవ్వల తుపాకి కాబట్టి చట్టానికి దాని మీద భయం తక్కువ, అందుకే పల్లెల్లో ఎక్కువగా కనిపించేది అదే. ఇక పిస్తోళ్లు, రివాల్వర్ల సంగతికొస్తే .380, .455, 9 మిల్లీమీటర్లు సైన్యం కొలతలు కాబట్టి నిషిద్ధం. మిగిలినవాటిలో .32 ఒకటి. కాన్పూరు ఫ్యాక్టరీ 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్ కూడా .32లోనే వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ .315ను మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలే చేశాయి. అయిదు తోటాలు పట్టేది, లీ బోల్టుదే. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఆగిపోయింది. ఆగడమే మంచిదైంది, వెలుగొండల్లో మిగిలిన కాసిని జంతువులైనా ఉన్నాయి. పందుల బెడద తీరలేదన్నది కూడా నిజమే. పొలం చుట్టూ కరెంటు తీగ కట్టి సాటి రైతు ప్రాణం తీయడం కంటే అటవీ శాఖ అనుమతి కోసం నాలుగుసార్లు తిరగడం మేలు. ఇది మా ఊరివాళ్లకు చేతులు జోడించి చెప్పే మాట.

1918లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం కూలిపోయింది. 1947లో దొరలు వెళ్లిపోయారు. 1878 చట్టం పోయి 1959లో కొత్త చట్టం వచ్చింది. మన సైన్యమూ .303ను వదిలేసి చాలా కాలమైంది. నిషిద్ధ బోర్ల జాబితాలో మాత్రం .303 ఇంకా ఉంది. పెదనాయన పోయాక ఆయన రైఫిల్‌ను స్టేషన్లో అప్పజెప్పి వచ్చాను. వాళ్లిచ్చిన రసీదులో బోరు దగ్గర .315 అని రాసి ఉంది.