తిప్పతీగ ల్యాబ్‌లో ఏం చేసింది?

2020 లాక్‌డౌన్‌లో మా పెరటి గోడ మీది తిప్పతీగ కోసి, మరిగించి, మా అమ్మ చేత రోజూ తాగించింది నేనే. "ల్యాబ్‌లో టెస్ట్ చేశారమ్మా, ఇమ్యూనిటీ పెరుగుతుందట" అని చెప్పి మరీ. ఆ టెస్ట్ ఏంటో అప్పుడు నేను చదవలేదు. ఇప్పుడు చదివాను.

బొంబాయి పరేల్‌లో కె.ఇ.ఎం. ఆసుపత్రి. 1980లలో అక్కడ డాక్టర్ శారదిని డహాణూకర్, ఆమె సహచరులు ఆయుర్వేద మొక్కల్ని ఆధునిక పద్ధతుల్లో పరీక్షించేవారు. మన తెల్లరక్తకణం సూక్ష్మజీవిని మింగుతుందా, మింగాక చంపుతుందా? ఇవి రెండు వేరే పనులు. మింగినంత మాత్రాన అది చచ్చినట్టు కాదు.

పైత్యరసం దారి మూసుకుపోయి కామెర్లు వచ్చినవాళ్ళలో ఈ రెండు పనులూ మందగిస్తాయి. ఆపరేషన్ దాకా వెళ్ళినా ఇన్ఫెక్షన్‌తో ప్రాణాలు పోతాయి. అందుకే వాళ్ళు 30 మంది రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వైద్యం, ఇంకో గుంపుకి దాంతోపాటు తిప్పతీగ. ఫలితం 1993లో అచ్చయింది. మొదటి గుంపులో సగం మందికి రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చింది, రెండో గుంపులో ఒక్కరికీ రాలేదు. ఆపరేషన్ తర్వాత బతికినవాళ్ళు 40 శాతం, 92 శాతం. 30 మంది అంటే చాలా చిన్న లెక్కే, నిజమే. కానీ వాళ్ళు కణం దగ్గర ఆగలేదు, మనిషి దాకా వెళ్ళారు. నాకు నచ్చింది అదే.

తర్వాత చాలామంది కణం దగ్గరే ఆగిపోయారు. గిన్నెలో మాక్రోఫేజ్ కణాలు, వాటి మీద మొక్క రసం. కణాలు రెచ్చిపోయాయా? అయితే ఇమ్యూనిటీ బూస్టర్! అసలు చిక్కు ఇక్కడే ఉంది. బాక్టీరియా గోడలో ఉండే ఎల్.పి.ఎస్. అనే పదార్థం అణువంత ఉన్నా ఈ కణాలు రెచ్చిపోతాయి. మరిగించినా అది పోదు. మొక్కల మీదా లోపలా బాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. 2008లో మిసిసిపి యూనివర్సిటీ వాళ్ళు ఎకినేషియా లాంటి మొక్కల రసాల్ని చూస్తే, కణాల్ని రెచ్చగొట్టింది చాలావరకు ఈ బాక్టీరియా పదార్థాలేనని తేలింది. (టెస్ట్ పాసైందని సంబరపడ్డాక, అది వేరే ఫైల్‌ని టెస్ట్ చేసిందని తెలిసిన ప్రతి ఇంజనీర్‌కీ ఈ బాధ అర్థమవుతుంది.)

పోనీ, నిజంగా మొక్కే రెచ్చగొట్టింది అనుకుందాం. రెచ్చగొట్టడం మంచిదేనా? 2021లో మళ్ళీ ముంబై డాక్టర్లే, తిప్పతీగ తాగాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. మరుసటి ఏడాది 13 ఆసుపత్రుల నుంచి 43 మంది లెక్క వచ్చింది. చాలామందిలో సొంత ఇమ్యూన్ కణాలే లివర్ మీద పడ్డ లక్షణాలు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అలాగే కనిపించే వేరే తీగ అయ్యుండొచ్చంది. అదీ అడగాల్సిన ప్రశ్నే. మా గోడ మీద ఉన్నది ఏ తీగో నేనూ ఎవరికీ చూపించలేదు.

మా అమ్మకి హషిమోటో థైరాయిడ్. అంటే ఆవిడ కణాలు ఇప్పటికే ఆవిడ గ్రంథినే కొడుతున్నాయి. వాటిని ఇంకా రెచ్చగొడదామని రోజూ గ్లాసుతో నిలబడ్డాను. అదృష్టం, ఏమీ కాలేదు. మొన్న ఇదంతా చెప్తే, "అయితే ఆ తీగ పీకేయనా?" అంది.

"వద్దులే అమ్మా, గోడ మీద ఉండనీ."