సముద్రం దాటిన పందికొక్కు

ఇంగ్లీషులోని ‘బాండికూట్’ అనే మాటకు పుట్టిల్లు తెలుగని నిఘంటువులన్నీ ఒప్పుకుంటాయి. పెద్ద ఎలుకను ‘కొక్కు’ అంటారు. బెదిరినప్పుడు వెంట్రుకలు నిక్కించి పందిలా గుర్రుమంటుంది కనుక దాన్ని పందికొక్కు అన్నారని చెబుతారు. కోరమాండల్ తీరంలో కుంపిణీ కొలువు చేసిన ఇంగ్లీషువారి నోట తొలి ‘ప’కారం ‘బ’కారమై, చివరి ఉకారం జారిపోయి, పద్దెనిమిదో శతాబ్దం చివరికల్లా ఆ మాట వారి రాతలలోకి ఎక్కింది. ఆంగ్లో-ఇండియన్ పదాలకు యూల్, బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ (1886) కూడా దీనిని తెలుగు మాటగానే నమోదు చేసింది. జంతుశాస్త్రంలో ఈ ఎలుకల ప్రజాతికి ‘బాండికోటా’ అని పేరు స్థిరపడటంతో, శాస్త్రీయ నామాలన్నీ గ్రీకు, లాటిన్ల సొత్తనుకునే చోట ఒక తెలుగు రైతు మాట పీఠం వేసుకుంది.

అయితే ఆ మాట ఎలుక దగ్గరే ఆగలేదు. ఆస్ట్రేలియా తీరాలను శోధించిన జార్జ్ బాస్ 1799లో అక్కడి ఒక మూతిపొడవు జంతువును చూసి ఇదే పేరు పెట్టాడని చెబుతారు. పిల్లలను పొట్టసంచిలో పెంచే ఆ మార్సూపియల్ జీవికీ పందికొక్కుకూ పోలిక పైపైదే. ఆ జీవి కంగారూల వైపుది, కంగారూల శాఖా ఎలుకల శాఖా విడిపోయి పది కోట్ల ఏళ్లు దాటింది. తెలుగువారికి పందీ, కొక్కూ విడివిడిగా వినిపించే ఈ పేరు ఇంగ్లీషు చెవికి అర్థం తెలియని ఒట్టి శబ్దం కాబట్టే, ఎలుక కాని జంతువుకు తగిలించడానికి అడ్డు లేకపోయింది. ఆ జంతువు సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, నేల తవ్వేటప్పుడు పిల్లల మీద మట్టి పడకుండా. పోలిక కొంతైనా నిజమైనది ఈ తవ్వడంలోనే. ఆస్ట్రేలియన్ల వాడుకలో ‘బాండికూట్’ క్రియాపదం కూడా అయింది: పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు మాత్రం తవ్వుకుపోయే దొంగతనానికి అది పేరు.

తెలుగునాట పందికొక్కు అంటే వరి వెన్నులను కొరికి కలుగులో దాచుకునే శత్రువు. కోస్తా పొలాల్లో ఆ కలుగులను తవ్వి ఎలుకలను పట్టడం యానాదుల నేర్పు. ప్రజల సొమ్ము మింగేవారినీ ‘పందికొక్కుల్లా మేస్తున్నారు’ అని జనం తిట్టుకుంటారు. అదే పేరు మోసే ఆస్ట్రేలియా జీవుల పరిస్థితి మాత్రం దయనీయం. వలసదారులు తెచ్చిన నక్కలు, పిల్లుల వాత పడి కొన్ని జాతులు పూర్తిగా నశించాయి. ‘ఈస్టర్న్ బార్డ్’ అనే చారల జాతి ప్రధాన భూభాగపు సహజ ఆవాసాల నుంచి మాయమైపోగా, కంచెలు వేసి, నక్కలు లేని దీవులకు తరలించి, దశాబ్దాలు శ్రమించాక 2021లో విక్టోరియా ప్రభుత్వం దాన్ని ‘సహజ ఆవాసంలో అంతరించినది’ అన్న వర్గం నుంచి తప్పించగలిగింది.

భారతదేశంలో ఈ మాటకు ఇటీవల మరింత గౌరవమైన పని దొరికింది. మ్యాన్‌హోళ్లలోకి మనుషులను దించే అమానుషాన్ని మాన్పడానికి కేరళ యువ ఇంజనీర్లు తయారుచేయగా, 2018లో తిరువనంతపురంలో పనిలోకి దిగిన రోబో పేరు బాండికూట్.